రోజువారీ పనులు, తొలి అక్షరాల శబ్దాలు: నాలుగైదేళ్ల పిల్లలకు కలిపి నేర్పడం ఎలా?

చిన్న తరగతుల టీచర్లూ, ఇంట్లో తల్లిదండ్రులూ పదే పదే అడిగే ప్రశ్నలు రెండు. "రోజూ చెబుతూనే ఉన్నా సంచి దాని చోట పెట్టరు, ఏం చేయాలి?" "అ ఆ ఇ ఈ గడగడా అప్పజెబుతుంది, మధ్యలో 'ఉ' చూపించి ఇదేంటంటే నోరు మెదపదు, ఎందుకు?"

రెండింటికీ కారణం ఒకటే. పిల్లలకు మొత్తం వరస వచ్చింది గానీ అందులోని ముక్కలు విడివిడిగా రాలేదు. పొద్దున్న చేయాల్సిన పనులు మీ గొంతు వెంట నడుస్తున్నాయి, అక్షరాలు పాట వెంట నడుస్తున్నాయి. గొంతు ఆగినా, పాట ఆగినా పిల్లలూ ఆగిపోతారు. అందుకే ముందు పనులను ముక్కలుగా నేర్పి, ఆ పనుల్లో రోజూ చేతికి తగిలే వస్తువుల పేర్లతోనే శబ్దాలు మొదలుపెట్టాలి. ఈ పద్ధతి తరగతి గదిని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఇంట్లో చేసేవాళ్లకు మార్పులు అక్కడక్కడ చెప్పాం.

కావలసినవి

- అరచేయంత కార్డులు 15. పనుల బొమ్మలకు కొన్ని, అక్షరాలకు కొన్ని.
- పిల్లలు నిజంగా వాడే చోట్ల ఫోటోలు: వాళ్ల సంచి కొక్కెం, వాళ్ల కుళాయి. గీసిన బొమ్మల కన్నా ఇవే మేలు.
- ఒక చిన్న గంట.
- గుడ్డ సంచిలో ఆరు నుంచి ఎనిమిది వస్తువులు: సబ్బు, బంతి, పలక, గంట లాంటివి.
- గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలు, ఒక్కోటి 10 సెంటీమీటర్ల ఎత్తు. దొరక్కపోతే పళ్లెంలో పలచగా పరిచిన ఇసుక చాలు.
- పలక, బలపం, చిన్న అద్దం.

హెచ్చరిక: నోట్లోనో ముక్కులోనో పెట్టుకోగలిగేంత చిన్న వస్తువులు ఆ సంచిలో వేయకండి. పూసలు, గింజలు, గుండీ బ్యాటరీతో పనిచేసే బొమ్మలు అసలే వద్దు. గుండీ బ్యాటరీ మింగితే లోపల కొద్ది గంటల్లోనే గాయం చేస్తుంది. పొరపాటున మింగినట్టు అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మొదటి భాగం: రోజువారీ పనులు

1. ఒక్క పనితో మొదలుపెట్టండి.

రాక, చేతులు కడగడం, బొమ్మలు సర్దడం, ఇంటికి బయల్దేరడం అన్నీ మొదటి వారంలోనే నేర్పబోతే ఏదీ నిలవదు. ముందు 'రాక' తీసుకోండి. దాన్ని నాలుగు ముక్కలు చేయండి: చెప్పులు విప్పాలి, వరసలో పెట్టాలి, సంచి తగిలించాలి, చాప మీద కూర్చోవాలి. ఐదు ముక్కలు దాటితే దాన్ని రెండు పనులుగా విడగొట్టండి. ఇంట్లో అయితే పడుకునే ముందు పనులతో మొదలుపెట్టడం తేలిక, ఆ వేళకు తొందర తక్కువ.

2. కార్డులు ఎడమ నుంచి కుడికి పెట్టండి.

పిల్లల కంటి ఎత్తులో, అంటే నేల నుంచి 90 సెంటీమీటర్లు, మీటరు మధ్యలో అంటించండి. చాలాచోట్ల కార్డులు పెద్దవాళ్ల తల దగ్గర ఉంటాయి, అక్కడ అవి గోడకు అలంకారమే. పైనుంచి కిందికి కాకుండా ఎడమ నుంచి కుడికి పెడితే మరో లాభం ఉంది. రేపు పదం చదివేటప్పుడు కన్ను వెళ్లాల్సిన దారి ఇప్పటి నుంచే అలవాటవుతుంది.

3. మాట లేకుండా చేసి చూపించండి.

మొదటిసారి మీరే చెప్పులు విప్పి, పెట్టి, సంచి తగిలించి, కూర్చోండి. చేస్తూ మాట్లాడకండి. చేతిని చూడాలో మాట వినాలో తేల్చుకోలేక ఈ వయసు పిల్లలు రెండూ వదిలేస్తారు. రెండోసారి ప్రతి ముక్కకూ రెండే మాటలు: "చెప్పులు విప్పాలి." "సంచి తగిలించాలి." మూడోసారి ఒక పిల్లవాడో పిల్లో చేస్తే మిగతావాళ్లు చూడాలి. తర్వాత అందరూ.

రోజూ అవే మాటలు వాడండి. ఒకరోజు "సంచి తగిలించు", మరోరోజు "బ్యాగు అక్కడ పెట్టేయ్" అంటే మీకు ఒకటే, పిల్లలకు రెండు వేర్వేరు పనులు. ఇంకో టీచరో ఆయమ్మో ఉంటే వాళ్లతోనూ ఆ మాటలే అనిపించండి.

4. చేతకాని ముక్కను చివరి నుంచి నేర్పండి.

సంచి జిప్పు వేయడం, చెప్పు పట్టీ పెట్టుకోవడం దగ్గర పిల్లలు మొరాయిస్తారు. జిప్పు మీరే ముప్పావు వంతు లాగి, ఆఖరి జానెడు వాళ్ల చేత లాగించండి. పని పూర్తిచేసింది తామే కాబట్టి మర్నాడు మళ్లీ చేయి చాస్తారు. రెండు మూడు రోజులకు ఒకసారి వాళ్ల వాటా పెంచుతూ వెనక్కి రండి.

5. సాయం తగ్గించండి. అసలు పని ఇదే.

పిల్ల సంచితో తలుపు దగ్గర నిలబడిపోయిందనుకోండి. వెంటనే "సంచి ఎక్కడ పెట్టాలి?" అనకండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. కదలకపోతే కార్డు వైపు వేలు చూపండి. అప్పటికీ కదలకపోతే మాట. వేలు కన్నా ముందు మాట వచ్చేస్తే ఆ పిల్ల మీ మాట కోసమే ఆగడం నేర్చుకుంటుంది. ఐదు సెకన్లు ఓపిక పట్టలేకపోవడమే ఈ మొత్తం పద్ధతిని చెడగొట్టే తప్పు. మిగతావన్నీ దీని తర్వాతే.

మెచ్చుకునేటప్పుడు "వెరీ గుడ్" అని ఊరుకోకుండా ఏం చేసిందో చెప్పండి: "ఎవరూ చెప్పకుండానే సంచి తగిలించావు." కాదన్నప్పుడు చేయాల్సింది చెప్పండి. "పరిగెత్తొద్దు" అంటే ఏం చేయకూడదో తెలిసింది గానీ ఏం చేయాలో తెలియలేదు. "నడవాలి" అనండి.

ఆట ఆపించడం: "ఇంకా ఐదు నిమిషాలే" అన్న మాట నాలుగేళ్ల పిల్లలకు అర్థం కాదు. "ఇంకో రెండుసార్లు జారి వచ్చేయాలి" అంటే అవుతుంది. ఆ తర్వాత గంట ఒక్కసారే కొట్టండి. మళ్లీ మళ్లీ కొడితే మొదటి గంటను ఎవరూ పట్టించుకోరు.

చేతులు కడగడం గురించి కొంచెం వివరంగా, ఎందుకంటే ఎక్కువమంది తడిపి తుడిచేసుకుంటారు. ఐదు ముక్కలు: తడపాలి, సబ్బు రాయాలి, రుద్దాలి, కడగాలి, తుడుచుకోవాలి. రుద్దడం కనీసం 20 సెకన్లు సాగాలి. మెల్లగా 20 దాకా లెక్కపెట్టించండి, అంకెలూ వస్తాయి. రుద్దే సేపు కుళాయి కట్టేసి ఉండాలి. బొటనవేళ్లు, వేళ్ల సందులు, గోళ్ల చివరలు, అరచేతి వెనక వైపు ఎప్పుడూ మిగిలిపోతుంటాయి. కడిగే ముందు చేతి వెనక వైపు నీటితో పోయే రంగు చుక్క ఒకటి పెట్టి చూడండి. కడిగాక చుక్క ఉంటే ఎక్కడ రుద్దలేదో పిల్లలకే కనిపిస్తుంది, మీరు చెప్పక్కర్లేదు.

పని వచ్చిందని తెలుసుకోవడం: ఒకరోజు తలుపు దగ్గర మీరు మాట్లాడకుండా నిలబడండి. పదిమందిలో ఎనిమిదిమంది మీ గొంతు లేకుండా పూర్తిచేస్తే రెండో పనికి వెళ్లొచ్చు. కార్డులు కలిపేసి "ముందు ఏది? తర్వాత ఏది?" అని పేర్చమనండి. పేర్చగలిగీ చేయకపోతే అది మరపు కాదు, ఆ చోట ఏదో అడ్డం ఉంది. కొక్కెం అందట్లేదేమో, ఇద్దరి సంచులు ఒకేచోట ఉన్నాయేమో చూడండి.

రెండో భాగం: అక్షరాల శబ్దాలు

పనులు ఒకటి రెండు నడవడం మొదలయ్యాక ఇది ఆరంభించండి. రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి ఎనిమిది నుంచి పది నిమిషాలు. అరగంట కూర్చోబెట్టినా లాభం లేదు.

6. ముందు చెవి. అక్షరం అప్పుడే చూపించకండి.

పదాన్ని చప్పట్లతో విరవండి: ప-డ-వ మూడు, త-ల రెండు, త-ల-గ-డ నాలుగు. హాజరు పిలిచేటప్పుడు ప్రతి ఒక్కరి పేరునూ ఇలాగే విరిస్తే వేరే సమయం కేటాయించక్కర్లేదు. మాట వేగంగా పలికి చప్పట్లు మాత్రం తమకు తోచినన్ని కొట్టే పిల్లలుంటారు. వాళ్ల చేత చప్పట్లు మాన్పించి, గడ్డం కింద చేయి పెట్టించండి. ఒక్కో ముక్కకు గడ్డం ఒక్కోసారి కిందికి దిగడం చేతికి తెలుస్తుంది.

7. మొదటి శబ్దం పట్టించండి, రోజూ చేసే పనుల నుంచే.

తలుపు దగ్గర 'త', సబ్బు దగ్గర 'స', గంట కొట్టినప్పుడు 'గ', బల్ల దగ్గర 'బ', పలక తీసినప్పుడు 'ప'. "సబ్బు... మొదట నోరు ఏమంది?" అని అడిగి అద్దంలో నోరు చూడమనండి. 'ప', 'బ' దగ్గర పెదాలు కలుస్తాయి, 'త' దగ్గర నాలుక పళ్లను తాకుతుంది. తర్వాత గుడ్డ సంచిలోంచి వస్తువులు తీసి, 'ప'తో మొదలయ్యేవి ఒక వైపు, కానివి ఒక వైపు పెట్టించండి.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు పదాల ఎంపిక. 'మ'కు మామిడి, 'క'కు కాకి అని చెబుతుంటారు. పిల్లల చెవికి వినిపించేది 'మా', 'కా'. చూపించేది 'మ', 'క'. ఆ తేడా వాళ్లు పట్టుకున్నందుకే తికమక పడతారు, పట్టుకోలేక కాదు. 'మ'కు మబ్బు, మంచం, 'క'కు కలం, కప్ప, 'న'కు నక్క, నత్త, 'గ'కు గడప, 'జ'కు జడ, 'వ'కు వల. పెట్టదలచిన అక్షరం గుణింతపు గుర్తు లేకుండా మొదట ఉన్న పదమే తీసుకోవాలి.

అచ్చుల దగ్గర ఇంకో చిక్కు ఉంది. మాట్లాడేటప్పుడు చాలామంది నోట ఏనుగు 'యేనుగు' అవుతుంది, ఎలుక 'యెలుక', ఒంటె 'వొంటె', ఓడ 'వోడ'. అప్పుడు "ఏనుగు... మొదటి శబ్దం?" అంటే పిల్ల 'యే' అంటుంది. ఆ జవాబు తప్పు కాదు, మీరు పలికింది అదే. అచ్చులు నేర్పే రోజు ఆ పదాలను ముందు మీరు ఒకసారి నెమ్మదిగా పలికి చూసుకోండి.

8. పొట్టి, పొడుగు తేడా ఒంటితో చేయించండి.

"అ ఆ ఇ ఈ" రాగం తీసి చెప్పించినప్పుడు 'అ' కూడా సాగుతుంది. రాగంలో రెండూ ఒకే పొడవు ఉంటే, రేపు 'జడ', 'జాడ' తేడా ఎలా తెలుస్తుంది? అందుకే పాట పక్కన పెట్టి ఆట ఆడించండి. "పడు" అంటే పడాలి, "పాడు" అంటే పాడాలి. రెండింటినీ వరస లేకుండా మార్చి మార్చి చెప్పండి. పడాల్సినచోట పాడారంటే చెవికి తేడా ఇంకా అందలేదు. పొట్టి శబ్దానికి ఒక చిటిక, పొడుగు శబ్దానికి చేయి చాచడం కలిపితే త్వరగా పట్టుకుంటారు.

9. అక్షరాలు ఆరేసి చొప్పున. వర్ణమాల వరసలో కాదు.

మొదటి ఆరు: త, ల, క, డ, గ, ప. ఈ ఆరింటితోనే తల, కల, పలక, గడప, పడక, తడక, కలప, తలగడ, గలగల, పకపక చదివేయొచ్చు. పది రోజుల్లో చదవగల పదం చేతికి వస్తే పిల్లలు వదలరు. క నుంచి ఙ దాకా వరసగా వెళితే ఐదు అక్షరాలు నేర్చినా చదవడానికి పదమే ఉండదు.

రెండో ఆరు: మ, న, ర, జ, బ, ట. ఇప్పుడు జడ, నడక, మరక, మడత, గబగబ, జలజల, టకటక వస్తాయి. వీటితో పాటు ఒక్కొక్కటిగా అచ్చులు: ఆట, ఈగ, ఈల, అల, ఓడ.

మూడో విడత: వ, స, ద, య. పడవ, వల, కడవ, వరస, దవడ, లయ.

ఈ విభజన ఊరికే చేసింది కాదు. ప, వ చూడ్డానికి దగ్గర. న, స దగ్గర. మ, య దగ్గర. డ, ద పలకడంలో దగ్గర. జంటలో ఒకటి బాగా నాటుకున్నాకే రెండోది రావాలని వాటిని వేరే విడతల్లో పెట్టాం. రెండూ ఒకే వారంలో చూపించి "తేడా చూడు" అంటే ఏది ఏదో నెలల తరబడి కలిసిపోతుంది. ఖ, ఘ, ఛ, ఝ లాంటి ఒత్తు అక్షరాలకు, ఋ, ఐ, ఔలకు ఇప్పుడు తొందర లేదు.

వారానికి రెండు అక్షరాలు మంచి నడక. నిలవకపోతే ఒక్కటే.

10. మూడు మెట్లలో చూపించండి.

మాంటిస్సోరి తరగతుల్లో వాడే పద్ధతి ఇది. రెండే అక్షరాలు ముందు పెట్టండి.

మొదటి మెట్టు: గరుకు అక్షరాన్ని రెండు వేళ్లతో దిద్దుతూ "ఇది త." పిల్ల దిద్దుతూ "త."
రెండో మెట్టు: "త ఏది? నా చేతికివ్వు. ల ఏది? చాప మీద పెట్టు." ఇక్కడే ఎక్కువసేపు ఉండాలి, చోట్లు మారుస్తూ.
మూడో మెట్టు: "ఇదేంటి?"

మూడోదానికి జవాబు రాకపోతే చెప్పేయకుండా, తప్పు అనకుండా, రెండో మెట్టుకు దిగండి. రెండోదాన్ని తొందరగా దాటేసి "ఇదేంటి, ఇదేంటి" అని అడుగుతూ పోతే అది నేర్పడం కాదు, పరీక్ష పెట్టడం.

దిద్దించేటప్పుడు మొదలయ్యే చోట ఒక ఆకుపచ్చ చుక్క పెట్టండి. ఆకారం చివరికి బాగానే వచ్చినా తప్పు చోట మొదలైతే ఆ అలవాటు తర్వాత మాన్పించడం కష్టం. వేలితో దిద్దడం సాఫీగా వచ్చాకే బలపం. పట్టు బిగించి వేళ్లు తెల్లబడుతుంటే బలపం పక్కన పెట్టి మళ్లీ ఇసుకకు రండి.

తలకట్టును విడిగా పరిచయం చేయండి. మొదటి ఆరింటిలో 'ల' తప్ప అన్నిటికీ తలకట్టు ఉంది. రెండో విడతలో జ, బ, ట లకు లేదు. తలకట్టు వేరే రంగులో వేస్తే మేలు. గుణింతంలో దీర్ఘం, గుడి, ఎత్వం వచ్చినప్పుడు తలకట్టు పోతుంది. అది అక్షరంలో భాగమే అనుకున్న పిల్లలు 'క' తెలిసినా 'కి' చూసి గుర్తుపట్టరు.

11. రెండు అక్షరాలు కలిపి చదివించండి.

'త' కార్డు, 'ల' కార్డు రెండు జానల దూరంలో పెట్టండి. "త... ల". దగ్గరకు జరపండి, "త..ల". ఆనించండి, "తల". కార్డు దూరం తగ్గిన కొద్దీ గొంతులో ఎడం తగ్గాలి. 'తా..లా' అని సాగదీయకండి, పదం మారిపోతుంది. పక్కన బొమ్మ పెట్టకండి, బొమ్మ ఉంటే చదవరు, ఊహిస్తారు. చదివాక బొమ్మ చూపించండి, సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

ఇంగ్లిష్ అక్షరాలు కూడా నేర్పుతుంటే: తెలుగు 'క'లో 'అ' కలిసే ఉంటుంది, ఇంగ్లిష్ అక్షరానికి ఉట్టి 'క్' మాత్రమే. అక్కడ 'క' అని నేర్పితే పిల్ల కలిపినప్పుడు 'క-ఆ-ట' అవుతుంది గానీ 'క్యాట్' కాదు. రెండు భాషలకూ వేరే వేళలు, వేరే రంగు కార్డులు పెట్టుకోండి.

వచ్చిందో లేదో చూడటం

వారానికోసారి, ఒక్కొక్కరితో రెండు నిమిషాలు. నేర్చిన ఆరు కార్డులు కలిపేసి ఒక్కోటి చూపించండి. మూడు సెకన్లలోపు జవాబు వస్తే వచ్చినట్టు. ఆరింటిలో ఐదు వస్తే కొత్తది మొదలుపెట్టండి. పెదాలు కదుపుతూ లోపల మొదటి నుంచి చెప్పుకుని ఆ అక్షరం దాకా వచ్చి ఆగుతుంటే, జవాబు సరైనదైనా లెక్కలోకి తీసుకోకండి.

తర్వాత అర్థం లేని పదాలు, ఒత్తులు లేనివి పెట్టండి: 'లగ', 'డప', 'డకత'. వీటిని చదివితే అక్షరాలు వచ్చాయి. 'డప' చూసి 'గడప' అంటే పదం మొత్తాన్ని బొమ్మలా గుర్తుపెట్టుకున్నారు. అలాంటివాళ్లకు పైన 11వ అంశంలో చెప్పింది మళ్లీ చేయించండి, కొత్త అక్షరాలు ఇవ్వకండి.

'ర'ను 'ల' అని పలకడం ఈ వయసులో మామూలే. 'ర' కార్డు చూపించమంటే సరైనది చూపిస్తే చాలు, పదిమంది ముందు మళ్లీ మళ్లీ పలికించొద్దు. అయితే నాలుగేళ్లు దాటినా కొత్తవాళ్లకు ఆ పిల్ల మాట ఎక్కువ భాగం అర్థం కాకపోతే, వెనక నుంచి మెల్లగా పిలిచినప్పుడు తరచూ తిరగకపోతే, కార్డులు మార్చి లాభం లేదు. వినికిడి పరీక్ష చేయించమని తల్లిదండ్రులకు త్వరగా, సూటిగా చెప్పండి. జలుబు చేసి చెవులు మూసుకుపోయిన రోజుల్లో కూడా శబ్దాల పరీక్ష పెట్టకండి.

సెలవుల తర్వాత

వారం మించి సెలవులు వస్తే మొదటి రోజు పనులన్నీ మొదటి భాగంలోని 3వ అంశం నుంచి మళ్లీ చూపించండి. "అప్పుడే మరిచిపోయారా" అనడం వల్ల ఒరిగేదేమీ లేదు. రెండోసారి నేర్పడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టదు. అక్షరాల్లో కొత్తది ఆ వారం వద్దు. పాత ఆరు కార్డులు, పాత పదాలే తిప్పండి. ఇంటికి పంపేది ఏదైనా ఉంటే చదివేసిన పదాల కార్డులు నాలుగు పంపండి, రాత పని కాదు. పిల్ల వాటిని ఇంట్లో ఎవరికైనా చదివి వినిపిస్తే సరిపోతుంది.